నల్లి ప్రాణం ఏ చిలకలో వుంది?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం నలుగురిలో చెప్పుకోవడానికి కాస్త మొహమాటంగా వుంటుంది. ఇంట్లో చీమలున్నాయంటే ఎవరూ సిగ్గుపడరు. బొద్దింకలున్నాయన్నా ఫరవాలేదు. నల్లులున్నాయని మాత్రం పక్కింటావిడకు కూడా చెప్పం. మనకు శుభ్రత లేదనుకుంటారేమోనని భయం. ముందు ఆ భయం తీసి పక్కన పెట్టండి. నల్లికి శుభ్రమైన ఇల్లు, మురికి ఇల్లు అన్న తేడా లేదు. దానికి కావలసినవి రెండే రెండు. దాక్కోవడానికి సన్నని సందు, పడుకున్న మనిషి ఒంట్లో నెత్తురు. ఈ రెండూ పూరింట్లోనూ దొరుకుతాయి, మూడంతస్తుల మేడలోనూ దొరుకుతాయి.

మరి ఇంట్లోకి ఎలా వస్తుందంటారా? మన వెంటే వస్తుంది. పల్నాడులోని కారంపూడి పేరు మీరు వినే వుంటారు. నాగులేటి ఒడ్డున, ఏటా కార్తీక అమావాస్యకు అక్కడ పల్నాటి వీరుల తిరునాళ్ళ మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజుల పండుగ. ఎక్కడెక్కడి నుంచో ఆచారవంతులు వీరుల ఆయుధాలు తీసుకుని వస్తారు. మందపోరు నాడు కులం అడక్కుండా అందరూ చాపకూడు కుడుస్తారు. ఆ అయిదు రోజులూ ఊళ్ళో ఇంటింటా చుట్టాలే. అటక మీది బొంతలు దిగుతాయి, పక్కింటి మంచాలు అరువు వస్తాయి, సంచులన్నీ గోడవారన ఒకదాని మీద ఒకటి చేరతాయి. ఎవరి సంచి మడతలోనో చూలు నల్లి ఒక్కటి వుందంటే చాలు. చుట్టాలు వెళ్ళిపోతారు గాని అది వెళ్ళదు.

ఇది తిరునాళ్ళ తప్పు కాదు, చుట్టాల తప్పూ కాదు. పట్నంలో పెళ్ళి విడిదిలో, పిల్లల హాస్టల్లో, రాత్రి బస్సు సీటులో, చవగ్గా వచ్చిందని కొన్న పాత సోఫాలో జరిగేది కూడా ఇదే.

ఇక అసలు సంగతికి వస్తాను. నల్లులు కనబడగానే మనం ఏం చేస్తాం? "ఏదైనా గట్టి మందు కొట్టించండీ" అంటాం. పల్నాడులో పత్తి, మిరప పండించే ఇళ్ళల్లో పురుగుల మందు డబ్బా ఎప్పుడూ వుంటుంది. పండక్కి పుట్టింటికి వెళ్ళిన ఆడపిల్ల పట్నం తిరిగి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీ, కారం డబ్బాతోపాటు ఓ చిన్న సీసాలో "చేలో మందు" కూడా తెచ్చుకోవడం కొత్త కాదు. "చేలో పురుగు చస్తుంటే మంచంలో నల్లి చావదా?" అని వాదన. వినడానికి సబబుగానే వుంది. కాని ఆ మందు నల్లిని చంపుతుందో లేదో చెప్పలేంగాని, అదే మంచం మీద పడుకునే పసివాణ్ణి మాత్రం చంపగలదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపికగా వినండి.

నల్లులూ మందులూ చేస్తున్న యుద్ధం చాలా పాతది. స్విట్జర్లాండుకు చెందిన పాల్ ముల్లర్ అనే శాస్త్రజ్ఞుడు 1939లో డి.డి.టి.కి పురుగులను చంపే గుణం వుందని కనిపెట్టాడు. ఆయనకు 1948లో నోబెల్ బహుమానం కూడా వచ్చింది. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకం మొదలుపెట్టి, ఇంటింటా గోడలకు డి.డి.టి. కొట్టారు. మీ అమ్మమ్మగారిని అడిగితే చెబుతారు. ఖాకీ దుస్తులవాళ్ళు పంపులతో వస్తే సామాన్లన్నీ వాకిట్లో పెట్టేవాళ్ళు. దోమల సంగతి అలా వుంచండి, మంచాల్లో నల్లులు రాలిపోయాయని జనం సంబరపడ్డారు. ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. 1940లలోనే హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్‌లో, సైనికుల బారకాసుల్లో నల్లులు డి.డి.టి.కి చావడం మానేశాయి. తరవాత మన దేశంతో సహా అన్నిచోట్లా అదే వరస.

చావడం మానెయ్యడమంటే ఏమిటి? వెయ్యి నల్లుల మీద మందు కొడితే తొమ్మిది వందల తొంభై తొమ్మిది చచ్చాయనుకోండి. మిగిలిన ఆ ఒక్కటీ వూరికే మిగల్లేదు. దాని ఒంట్లో ఏదో తేడా వుంది. ఆ మందులు నల్లి నరాల మీద పనిచేస్తాయి. నరంలో మందు పట్టుకునే చోటు కొద్దిగా మారితే మందు పట్టదు. చర్మం మందంగా వుంటే లోపలికి దిగదు. ఒంట్లో విషాన్ని విరిచే రసాలు ఎక్కువగా వుంటే మందు నీరుగారిపోతుంది. అలా మిగిలిన నల్లి పిల్లలకు అదే ఆస్తి పంచి ఇస్తుంది. ఇంకొక చిక్కు చూడండి. ఈనాడు మనం ఇంట్లో వాడే స్ప్రేలు, దోమల బిళ్ళలు, గీత గీసే సుద్దముక్కలలాంటి మందులు చాలావరకు పైరిత్రాయిడ్ జాతివే. డి.డి.టి. నరంలో ఎక్కడ దెబ్బకొడుతుందో ఇవీ అక్కడే కొడతాయి. అందుచేత తాతలనాడు డి.డి.టి.ని తట్టుకున్న నల్లికి మన కొత్త స్ప్రే కూడా పాత చుట్టమే.

ఈ కథ పల్నాడు రైతు ఇంటి ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. 1980లలో పత్తి చేలకు పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో అద్భుతంగా పనిచేశాయి. దాంతో లెక్కా పత్రం లేకుండా కొట్టారు. 1984-85లో తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగకుండా పత్తి కాయలను తొలిచేసింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ఆ పురుగుల మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. పల్నాడు అప్పుడు గుంటూరు జిల్లాలో భాగమే, వేరే జిల్లా అయింది 2022లో. పురుగు చావని మందుకు మనిషి చచ్చాడు. చేలో జరిగిన ఆ సంగతిని పడకగదిలోకి తెచ్చుకోవద్దనే నేను చెప్పవచ్చింది.

ఇప్పుడు మరో విడ్డూరం చెబుతాను. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం ఎక్కడుంది? వాడి ఒంట్లో లేదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో వుంది. నల్లి ప్రాణం కూడా అలాగే ఇంకొకరి దగ్గర వుంది. కాకపోతే ఆ చిలక ఏడు సముద్రాల అవతల లేదు, నల్లి కడుపులోనే వుంది.

నల్లి పుట్టింది మొదలు చచ్చేదాకా నెత్తురు తప్ప మరొకటి ముట్టదు. నెత్తుట్లో మాంసకృత్తులు పుష్కలంగా వుంటాయిగాని, బి జాతి విటమిన్లు నల్లికి చాలినన్ని వుండవు. మనమైతే ఆకుకూరో, పప్పో, పులిసిన ఇడ్లీ పిండో తిని ఆ లోటు పూడ్చుకుంటాం. నల్లికి ఆ వసతి లేదు. అందుకని అది ఒంట్లోనే ఒక వంటమనిషిని పెట్టుకుంది. ఆ వంటమనిషి పేరు వొల్బాకియా. కంటికి కనబడని సూక్ష్మజీవి. ఈ జాతి సూక్ష్మజీవిని మొదట 1924లో హెర్టిగ్, వొల్బాక్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు దోమలో చూశారు. నల్లి ఒంట్లో దీనికోసం ప్రత్యేకంగా ఒక చిన్న గది వంటి అవయవమే వుంది. అందులో కూర్చుని వొల్బాకియా బి విటమిన్లు తయారుచేసి నల్లికి పెడుతుంది. నల్లి దానికి నీడ ఇస్తుంది. తల్లి నల్లి గుడ్డు పెట్టేటప్పుడే ఈ సూక్ష్మజీవులను గుడ్డులో పెట్టి పంపుతుంది. మనం కాపురానికి వెళ్ళే కూతురికి తోడుకోసం ఇంత పెరుగు కట్టి ఇవ్వమూ, అలాగన్నమాట.

దీన్ని రుజువు చేసినవారు జపాను శాస్త్రజ్ఞులు. వారు 2010లో ప్రకటించిన పరిశోధనలో, నల్లులకు యాంటీబయాటిక్ మందు కలిపిన నెత్తురు పట్టి వొల్బాకియాను పోగొట్టారు. ఆ నల్లులు సరిగా ఎదగలేదు, గుడ్లు పెట్టి పిల్లలను కనలేకపోయాయి. అదే నెత్తుట్లో బి విటమిన్లు కలిపి పెడితే మళ్ళీ మామూలుగా పెరిగాయి. అంటే లోటు విటమిన్లదేనని తేలిపోయింది. 2014లో ఇంకో సంగతి బయటపడింది. బయోటిన్ అనే బి విటమిన్‌ను వండే విద్య వొల్బాకియా సొంతం కాదట. ఏనాడో వేరే సూక్ష్మజీవి దగ్గర అరువు తెచ్చుకుని, తిరిగి ఇవ్వడం మానేసింది!

"అయితే నల్లి మందు కొడితే ఈ సూక్ష్మజీవి కూడా చస్తుందా?" అని మీకు సందేహం రావాలి. మంచి సందేహం. మనం కొట్టే మందులు చాలావరకు నరాల మీద పనిచేస్తాయని చెప్పాను కదా. సూక్ష్మజీవికి నరాలే లేవు. కాబట్టి మందు దెబ్బ నేరుగా దానికి తగలదు. నల్లి చస్తే దానితోపాటు పోతుంది. మందుకు తట్టుకున్న నల్లి బతికి గుడ్డు పెడితే, ఆ గుడ్డులో పదిలంగా తరవాతి తరానికి చేరుతుంది. మనం ఫకీరును కొడుతున్నాం, చిలక జోలికి పోవడంలేదు.

అంతటితో ఆగలేదు. కొన్ని పురుగుల్లో ఈ సూక్ష్మజీవులు విషాన్ని విరిచే పని కూడా చేస్తాయి. చిక్కుడు జాతి మొక్కల రసం పీల్చే ఒక నల్లి మీద జపానులో పరిశోధించి 2012లో వివరాలు ప్రకటించారు. ఫెనిట్రోథయాన్ అనే మందు పదే పదే కొట్టిన నేలలో, ఆ మందునే తిని బతికే సూక్ష్మజీవులు పెరిగాయి. ఆ పురుగులు నేల నుంచి వాటిని కడుపులోకి చేర్చుకున్నాయి. అంతే, ఆ మందుకు చావడం మానేశాయి! మన మంచం నల్లి సంగతి చూస్తే, వేడి దేశాల్లో వుండే నల్లి జాతి మీద మలేషియా శాస్త్రజ్ఞులు 2022లో ఒక పరిశోధన ప్రకటించారు. ఒంట్లోని సూక్ష్మజీవులను తగ్గించినప్పుడు ఆ నల్లులు ఫెనిట్రోథయాన్, ఇమిడాక్లోప్రిడ్ అనే మందులకు లొంగడంలో తేడా కనబడింది. కడుపులో వున్న చుట్టానికి ఈ విషయంలోనూ చెయ్యి వుందని దానివల్ల తెలుస్తోంది.

ఇది విని ఎవరూ యాంటీబయాటిక్ బిళ్ళలు నూరి మంచానికి పూయకండి. అది ప్రయోగశాలలో నెత్తురుతో పట్టించే పని. ఇంట్లో పనికిరాదు సరికదా, యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడితే రేపు మనకు జబ్బు చేసినప్పుడు అవి పనిచెయ్యవు. అయితే చిలకను వెదికే మార్గం వృథా కాదు. బోదకాలు తెచ్చే పురుగులో కూడా ఒక రకం వొల్బాకియా వుంది. దాన్ని దెబ్బతీసి పురుగును దెబ్బతీసే వైద్యం వైద్యులకు తెలుసు. వొల్బాకియా వున్న దోమలను వదిలితే డెంగ్యూ తగ్గిందని ఇండోనేషియాలో 2021లో తేలింది. నల్లి విషయంలోనూ ముందు ముందు ఏదో దారి దొరకవచ్చు.

అంతవరకు మనం చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కర్లేదు. నల్లికి విరుగుడు లేని శత్రువు ఒకటుంది. అది వేడి. 50 డిగ్రీలు దాటిన వేడి గట్టిగా తగిలితే నల్లీ, దాని గుడ్డూ కూడా కొద్ది నిమిషాల్లో చస్తాయి. ఇందులో మందును తట్టుకున్న నల్లి, తట్టుకోని నల్లి అన్న తేడా లేదు. చంపేటంత లేకపోయినా, ఎడతెగని వేడి మన చిలకను బలహీనపరుస్తుంది. నల్లులను 36 డిగ్రీల వేడిలో రోజుల తరబడి వుంచితే ఆ సూక్ష్మజీవులు క్షీణించాయని 1974లోనే ఒక పరిశోధకుడు రాశాడు. అది చలిదేశాల నల్లి. మన నల్లి ఎండకు అలవాటుపడ్డది గనుక అంత సులువుగా లొంగదు. కాబట్టి గదిలో వుక్కపోతను నమ్ముకోకుండా, గట్టి వేడినే తగలనివ్వాలి.

ఎండలకు రాష్ట్రమంతటా పేరుపడ్డ రెంటచింతల కారంపూడికి దగ్గర్లోనే వుంది. ఆ ప్రాంతంలో మన పెద్దవాళ్ళు వేసవిలో నులక మంచాలను వాకిట్లో నాపరాళ్ళ మీద నిలబెట్టి, మంచంకోళ్ళ సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసేవాళ్ళు. వాళ్ళకు వొల్బాకియా తెలియదు, డిగ్రీలూ తెలియవు. చేసిన పని మాత్రం నూటికి నూరుపాళ్ళూ సరైనది.

పట్నంలో మీరు ఇలా చేయండి.

మొదట నల్లి ఎక్కడుందో చూసుకోండి. పరుపు అంచుల కుట్ల వెంట, మంచం అతుకుల్లో, తలవైపు చెక్క వెనక, గోడకున్న పటాల వెనక వెదకండి. సిరా చుక్కల్లాంటి నల్లటి మరకలు, విడిచిన పొట్టు, గసగసాలంత తెల్లటి గుడ్లు కనబడితే అదే దాని కాపురం.

దుప్పట్లు, దిండు గలేబులు గదిలో దులపకండి. అక్కడే సంచిలో వేసి మూతి కట్టి తీసుకువెళ్ళి, మరుగుతున్న నీళ్ళలో నానబెట్టి ఉతకండి. ఉతికినవాటిని ఇస్త్రీ చెయ్యండి. పట్టుచీరలు, స్వెటర్ల వంటి ఉతకరానివాటిని నల్లటి ప్లాస్టిక్ సంచిలో పలుచగా సర్ది, మూతి గట్టిగా కట్టి, ఎండాకాలంలో డాబా మీద రోజంతా వుంచండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. పరుపును వూరికే ఎండలో వేస్తే నల్లి నీడ వున్న వైపుకు జరుగుతుంది. అందుకని రెండువైపులా ఎండ తగలనిస్తూ, కిందపడ్డవాటిని వేడినీళ్ళతో చంపెయ్యాలి.

చెక్క మంచాన్ని విప్పదీసి, అతుకుల్లో మరిగే నీళ్ళు నిదానంగా పొయ్యండి. ఈ పని చేసేటప్పుడు పిల్లలను దగ్గరకు రానివ్వకండి. కిరసనాయిలు మాత్రం పొయ్యకండి. దానివల్ల నల్లులు చచ్చిన ఇళ్ళకంటే మంచాలు అంటుకున్న ఇళ్ళే ఎక్కువ జ్ఞాపకం వుంటాయి.

గోడ పగుళ్ళను, కిటికీ చట్రం సందులను పూడ్చండి. పిడుగురాళ్ళ సున్నం మన రాష్ట్రమంతా తెలిసినదే. సున్నమో, పుట్టీయో మెత్తి సందు లేకుండా చేస్తే సగం యుద్ధం గెలిచినట్టే. మంచం గోడకు ఆనకుండా జరిపి, నాలుగు కోళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టండి. ఆ నీళ్ళు రోజూ మార్చకపోతే దోమలు పెడతాయి సుమా!

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఈ పని ఒక్కసారితో అవదు. గుడ్లు వారం, పది రోజుల్లో పిల్లలవుతాయి. పదేసి రోజుల ఎడంతో కనీసం మూడుసార్లు చెయ్యండి. అపార్టుమెంటులో వుండేవారు ఇరుగుపొరుగుకూ చెప్పండి. ఒక ఇంట్లో స్ప్రే కొడితే నల్లులు గోడ సందుల్లోంచి పక్కింటికి వలసపోతాయి. మొహమాటం వదిలితే అందరూ బాగుపడతారు.

మందు వాడక తప్పదనుకుంటే, ఇంటి వాడకానికని చీటీ మీద స్పష్టంగా రాసివున్నదే, రాసినంతే వాడండి. మనం తలపెట్టి పడుకునే పరుపు మీద, దిండు మీద కొట్టకండి. గర్భిణీలు, పసిపిల్లలు వున్న గదిలో అసలు వద్దు.

ఇక ఆ చేలో మందు. పత్తికీ మిరపకూ కొట్టేవాటిలో ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందులున్నాయి. అవి పురుగు నరాల్లోనూ మన నరాల్లోనూ ఒకే రకంగా పనిచేస్తాయి. పరుపులో ఇంకితే రోజుల తరబడి చర్మం గుండా ఒంట్లోకి పోతాయి. 2013లో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడిలో వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే మందు కలవడంతో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ మందు వంటింట్లోకి వచ్చినా పడకగదిలోకి వచ్చినా దాని గుణం మారదు. ధాన్యం గోదాముల్లో వాడే ఫాస్ఫైడ్ బిళ్ళలను నల్లులకోసం గదిలో పెట్టడం అంతకంటే ప్రమాదం. గాలిలో తేమ తగలగానే వాటిలోంచి విషవాయువు వస్తుంది. అది గోడ సందుల్లోంచి పక్క గదిలో నిద్రపోయేవారిని చేరుతుంది. దానికి విరుగుడు లేదు.

పొరపాటున ఎవరికైనా మందు తగిలి వాంతులు, చొంగ కారడం, చెమటలు, కంటిపాప చిన్నదైపోవడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడగండి. బలవంతాన వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి. మందు డబ్బాను ఆస్పత్రికి వెంట తీసుకువెళ్ళండి. చీటీ చూస్తే డాక్టరుకు వైద్యం తేలికవుతుంది.

నల్లి కరిస్తే దురద పుడుతుంది, నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. అంతేగాని అది మలేరియాలాంటి రోగాలను మనకు అంటించినట్టు రుజువు కాలేదు. నల్లి వల్ల ఇప్పటిదాకా పోయింది నిద్ర. నల్లి మందు వల్ల పోయినవి ప్రాణాలు. కాబట్టి ఈసారి పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు పచ్చడి తెచ్చుకోండి, కారం తెచ్చుకోండి. ఆ సీసా మాత్రం అక్కడే వదిలేసి రండి. ఇంటికి రాగానే సంచిని మంచం మీద పెట్టకుండా, వాకిట్లోనే విప్పి ఎండలో దులపండి.

సెలవు.